తప్పు పడితే మొదటికి

ఇంటి నుంచి,
కుట్టుమిషను బల్ల దగ్గర

వెల్డింగ్ మేస్త్రీ గారికి,

మీ పిడుగు పరీక్ష తప్పింది. ముందు ఆ మాట రాసేస్తే చెయ్యి తేలికపడుతుందని, కుశలం కూడా అడక్కుండా రాసేశాను. కోప్పడకండి.

వయొలిన్ బడిలో తల్లిదండ్రులందరినీ వసారాలో బెంచీల మీద కూర్చోబెట్టి తలుపేశారు. తలుపేస్తే మాత్రం వినపడదా? అందరం ఊపిరి బిగబట్టి విన్నాం. మన దాని వంతు వచ్చింది. మొదట్లో బాగానే వాయించింది. తర్వాత ఎక్కడో వేలు జారింది. జారితే ఒక్క క్షణం ఆగుతుందా? ఆగదు. గబగబా తోసుకుంటూ పోయింది. ఇంకోచోట తప్పింది, మళ్లీ పోయింది. చివర మాత్రం కమాను బారెడు లాగి ముగించి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ తలుపు తోసుకొచ్చింది. "అయిపోయిందమ్మా!" అంది. పక్క బెంచీలో ఆవిడ నన్ను జాలిగా చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మాస్టారు నన్ను పక్కకి పిలిచి, "పిల్లకి చెవి ఉందమ్మా, నిలకడ లేదు. వచ్చేసారి కూడా ఇంతే అయితే ఈ బడిలో ఉంచుకోలేను. బయట ఎంతమంది పిల్లలు ఎదురుచూస్తున్నారో మీరే చూశారుగా" అన్నారు.

మీరు వంతెన పనికి వెళ్లిన కొత్తలో అది ఎలా అయిపోయిందో రాశాను, మీకు గుర్తుందా? తిండి లేదు, మాట లేదు, పొద్దస్తమానం కిటికీ దగ్గరే. ఆ వయొలిన్ చేతికొచ్చాకే మళ్లీ మనిషైంది. ఇప్పుడు అదీ పోతే నా వల్ల కాదండీ. నాకా సంగీతం ముక్క రాదు. ఎలా కూర్చోబెట్టాలో, ఏమని మందలించాలో తెలీదు. మీకేమైనా తోస్తే రాయండి.

మీ ఇంటిది

*

వంతెన క్యాంపు, మూడో షెడ్డు

దర్జీ దొరసానికి,

నీ ఉత్తరం సామాన్ల లారీలో వచ్చింది. ఈ కొండ సందులో ఫోను పనిచెయ్యకపోవడం ఒకందుకు మంచిదే. పనిచేసి ఉంటే ఆ రోజు నువ్వు ఏడుస్తుంటే ఇక్కడ పైపు పట్టుకుని నేనూ ఏడ్చేవాణ్ని.

చూడు, దానికి తెలివి తక్కువేం కాదు. తప్పు పడ్డా పోతూనే ఉంటుందని నువ్వే రాశావు. అక్కడే ఉంది తిరకాసు. తప్పుని దాటి పోనిస్తున్నాం. ఇక్కడ మా పని ఎలా ఉంటుందో తెలుసా? అతుకు వేస్తాం. ఇన్స్పెక్టరు వచ్చి చూస్తాడు. లోపల ఒక్క గాలిబుడగ కనిపించిందా, అంతే, గ్రైండరు పెట్టి మొత్తం అతుకు గీకేసి, మళ్లీ మొదటినుంచి వెయ్యాల్సిందే. ఒకసారి అలా చేయించుకున్నవాడు ఇంక జన్మలో బుడగ పడనివ్వడు.

నువ్వూ అదే పెట్టు. తప్పు పడితే మొదటికి. అరవకు, కొట్టకు, మొహం ముడుచుకోకు. ఉత్తినే మొదటికి పంపించు. దానికే విసుగొచ్చి సరిగ్గా వాయిస్తుంది. నీకు సంగీతం రాకపోతేనేం? రోజూ విన్న పాటే కదా, ఎక్కడ గతుకు పడిందో నీ చెవికి తెలుస్తుంది.

అంత దిగాలుగా రాయకు. నీ దిగులు చూస్తే నాకిక్కడ ముద్ద దిగదు.

పిడుగు నాన్న

*

ఇంటి నుంచి

మేస్త్రీ గారికి,

ముందు ఒకసారి కూర్చోండి. నిలబడి చదవకండి.

పాసైంది! పాసవడం కాదు, బడి మొత్తం మీద దానిదే మొదటి మార్కు. పరీక్ష పెట్టిన పెద్దాయన మాస్టారితో "ఒక్క స్వరం అటూ ఇటూ కాలేదు, ఏం చేశారయ్యా ఈ పిల్లని?" అన్నాడట. మాస్టారు వసారాలోకి వచ్చి అందరి ముందూ ఆ మాట నాకు చెప్పారు. ఆ జాలిచూపు ఆవిడ అక్కడే ఉంది. కొంగు సర్దుకున్నాను, అంతే.

మీరు చెప్పినట్టే చేశాను, కాకపోతే నాకు తగ్గట్టు కొంచెం మార్చుకున్నాను. నా పనీ ఆగకూడదు కదా? అది నా వెనక నిలబడి వాయిస్తుంటే నేను స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటూ ఉంటాను. బాగా వాయిస్తున్నంతసేపూ మిషను తిరుగుతుంది. తప్పు వినపడగానే తొక్కడం ఆపేస్తాను. నోరు విప్పను, వెనక్కి తిరగను. మిషను ఆగితే దానికి తెలుసు, మొదటికి పోతుంది. మొదట్లో కాళ్లు నేలకేసి కొట్టింది. "అమ్మా, ఇంక కొంచెమే ఉందే, పోనీవే" అని బతిమాలింది. నేను కరగలేదు. తర్వాత్తర్వాత అడగడం మానేసింది. అలా మానేసిందంటే దారిలో పడినట్టే కదా?

ఏడాది చివర పెద్ద హాల్లో పిల్లల ప్రదర్శన ఉంది. మొదటి మార్కు వచ్చినవాళ్లు ఒంటరిగా వాయించాలట. మాస్టారు దానికి పొడుగు పాట ఒకటి ఇచ్చారు. మీరు రావాలి. ఏ సూపర్వైజరు కాళ్లు పట్టుకుంటారో పట్టుకోండి, రావాలి అంతే.

మీ ఇంటిది

*

వంతెన క్యాంపు

నా దర్జీ దొరసానికి,

ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. క్రేను డ్రైవరు ఉన్నాడే, ఎప్పుడూ తన కొడుకు లెక్కల్లో పులి అని చెవులు చిల్లులు పడేలా చెప్పేవాడు, వాడి నోరు మూతపడింది. "మీ ఆవిడ గట్టి మనిషిరా" అన్నాడు. గట్టిదే మరి, నన్ను భరిస్తోంది కదా అన్నాను.

సూపర్వైజరుని అడిగాను. ప్రదర్శన రోజుకి లీవు ఇస్తానన్నాడు, మర్నాడు పొద్దున్నే లారీ ఎక్కెయ్యాలి అన్నాడు. అది చాలు. ముందు వరసలో కూర్చుంటాను. చొక్కా ఒకటి కుట్టి ఉంచు, ఇక్కడివన్నీ నిప్పురవ్వలకి చిల్లులు పడిపోయాయి.

పొడుగు పాట అన్నావుగా, దానికీ అదే మందు. వదలకు.

పిడుగు నాన్న

*

ఇంటి నుంచి

మేస్త్రీ గారికి,

మీ చొక్కా అయిపోయింది. కాలరు కొంచెం పెద్దది పెట్టాను, మీ మెడ సంగతి నాకు తెలుసుగా.

నవ్వొచ్చే సంగతి ఒకటి జరిగింది. మొన్న అది వాయిస్తూ పాట చివరికంటా వచ్చేసింది. ఇంక రెండు మూడు స్వరాలుంటాయేమో. సరిగ్గా అప్పుడే నా మిషనులో దారం తెగింది. మిషను ఆగింది. అది ఠక్కున మొదటికి పోయింది! "ఒసే పిచ్చిదానా, దారం తెగిందే, నువ్వు తప్పలేదు" అని పక్కున నవ్వాను. అది నవ్వలేదు. "ఆగింది కదమ్మా" అంది. నేను ఎంత చెప్పినా వినకుండా మొత్తం మళ్లీ వాయించింది.

చదువులో కూడా బాగా శ్రద్ధ పెరిగింది లెండి. పుస్తకంలో ఒక్క అక్షరం వంకర పోయినా పేజీ చింపేసి మళ్లీ రాస్తుంది. ఆ మధ్య చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్లి, ఏదో తప్పు నడిచాననుకుందో ఏమో, వెనక్కొచ్చి చెప్పులు విప్పి, మళ్లీ వేసుకుని వెళ్లింది. స్కూలుకి ఆలస్యంగా వస్తోందని అక్కణ్నుంచి కబురు పంపారు. మేడ మీద అద్దెకుండే టీచరమ్మ "పిల్ల బాగా చిక్కిపోయిందే" అంది. ఎదిగే వయసు కదా, అన్నాను.

మీరు రావాలనే నేను రోజులు నెట్టుకొస్తున్నాను. వచ్చాక మీరే చూద్దురుగాని. అంతకంటే ఏం రాయను.

మీ ఇంటిది

*

వంతెన క్యాంపు

దొరసానికి,

చెప్పులు విప్పి మళ్లీ వేసుకుందా! అచ్చం మా నాన్న పోలిక. ఆయనా అంతే, తాళం వేసి నాలుగడుగులు నడిచి మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసుకునేవాడు. శ్రద్ధ అంటే అదే. టీచరమ్మకేం తెలుసు?

అంతకంటే ఏం రాయను అన్నావు, అదేం మాట? పని ఎక్కువై నీకు నీరసంగా ఉన్నట్టుంది. వస్తున్నానుగా, నాలుగు మాటలు నా ముందే అందువుగాని.

పిడుగు నాన్న

*

వంతెన క్యాంపు

నీకు,

ప్రదర్శన మర్నాడు పొద్దున నీతో మాట్లాడకుండా లారీ ఎక్కేశాను. నోరు తెరిస్తే నేనేం అంటానో అని భయమేసింది. ఇప్పుడు రాస్తున్నాను, చదువు.

నువ్వు తెర పక్కన ఉన్నావు. నీకు దాని వీపే కనిపించి ఉంటుంది. నేను ముందు వరసలో దాని మొహానికి ఎదురుగా ఉన్నాను. మొదలుపెట్టింది. ఎంత బాగుందో! పక్కనున్నాయన నన్ను మోచేత్తో పొడిచి "మీ పాపేనా?" అన్నాడు. మా పాపే అన్నాను. కొంత దూరం పోయాక మళ్లీ మొదట విన్నదే వినిపించింది. పాట అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. నాకేం తెలుసు? మళ్లీ అదే చోటికొచ్చి మళ్లీ మొదటికి పోయింది. అప్పుడు కూడా నాకు వెలగలేదు. అయిపోయిందేమో అనుకుని చప్పట్లు కొట్టాను. హాలు మొత్తంలో నేనొక్కణ్నే కొట్టాను. అది నా వైపు చూసింది. ఆ చూపు నీకెలా చెప్పను? నేనేదో తన తప్పు పట్టుకున్నట్టు చూసి, గబుక్కున మళ్లీ మొదటికి పోయింది.

ఇంక ఆగలేదు. ఒకసారి అంత దూరం, ఒకసారి అందులో సగం, చివరకి మొదటి స్వరం దగ్గరే ఇరుక్కుపోయింది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. కొంతమంది లేచిపోయారు. మాస్టారు వచ్చి కమాను పట్టుకుంటే వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడాయన. నేను కుర్చీలో అతుక్కుపోయి చూస్తూ కూర్చున్నాను. లేచి వెళ్లి ఎత్తుకోలేదు నేను.

ఇంటికొచ్చాక చూశాను. మెట్లెక్కడానికి దానికి ఎంతసేపు పట్టింది? గ్లాసు ఎత్తి దించి, ఎత్తి దించి, మంచినీళ్లు తాగకుండానే పడుకుంది. ఇది నిన్నగాక మొన్న వచ్చింది కాదు. నీకు తెలుసు. రోజూ కళ్లెదురుగా చూస్తూ నాకు నవ్వొచ్చే సంగతులు రాస్తావా? దారం తెగిందట, నవ్వొచ్చిందట! అదేనా నువ్వు రాయాల్సింది? పిల్ల అలా అయిపోతుంటే నీకు యూనిఫారాలు కుట్టడానికి చెయ్యెలా ఆడింది?

*

ఇంటి నుంచి

మీకు,

అవును, నాకు తెలుసు. రాయలేదు. ఎందుకు రాయలేదో వింటారా? రాస్తే మీరు ఏం చేసేవారు? చెప్పులు విప్పి వేసుకుందని రాస్తే మీ నాన్న పోలిక అన్నారు. మొదటి మార్కని రాస్తే షెడ్డులో అందరికీ చదివి వినిపించారు. క్రేను డ్రైవరు నోరు మూతపడిందని మురిసిపోయారు. ఆ మురిపెం మీద నేను నీళ్లు ఎలా పొయ్యను? మీకక్కడ ఇంకేముంది కనక?

ఇప్పుడు అన్నీ రాస్తున్నాను. ప్రదర్శనకి చాలా ముందే మొదలైంది. నేను భయపడి మిషను ఆపడం మానేశాను. తప్పినా తొక్కుతూనే ఉన్నాను. అది వయొలిన్ దించి, నా వెనక్కొచ్చి, "అమ్మా, నువ్వు వినట్లేదు" అని ఏడ్చింది. అప్పట్నుంచి తప్పులు తనే పట్టుకోవడం మొదలుపెట్టింది. నాకు వినపడని తప్పులు దానికి వినపడేవి. మాస్టారితో చెప్పాను. "ఒక్కసారి స్టేజీ ఎక్కితే భయం పోతుందమ్మా" అన్నారు. ఆ మాట పట్టుకుని వేలాడాను. ప్రదర్శన అయితే చాలు, నాన్నని చూస్తే చాలు, బాగైపోతుంది అనుకున్నాను.

మీరు రాసిన మాటని నేను పాటించాను. మీరు రాశారు కాబట్టే చేశానని తప్పించుకోను. నేను దర్జీని. కుట్టు వంకర పోతే ఏం చేస్తానో నాకు తెలీదా? ఎక్కడ వంకర పోయిందో అక్కడ నాలుగు కుట్లు విప్పి, అక్కణ్నుంచే కలిపేస్తాను. ఒక్క కుట్టు తప్పిందని చొక్కా మొత్తం విప్పే దర్జీ ఎవరైనా ఉంటారా? గుడ్డ చిల్లులు పడి పాడైపోదూ? ఆ మాత్రం నా పిల్ల దగ్గర నాకు తోచలేదు. మొదటి మార్కు వస్తుంటే ఎలా తోస్తుంది?

పిల్లల మనసు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. పేరు చెప్పమంటే అది మొదలుపెట్టి ఆగి, మొదలుపెట్టి ఆగి, చివరకి చెప్పలేదు. డాక్టరమ్మ మంచిదే. చాలా కాలం పడుతుంది అంది. ఎంత కాలం అంటే చెప్పలేను అంది. వయొలిన్ బడి నుంచి పేరు తీసేశారు. నన్ను తిట్టండి, పడతాను. పలక్కుండా మాత్రం ఉండకండి.

*

వంతెన క్యాంపు

నా ఇంటి మనిషికి,

నిన్నేం తిడతాను? తిట్టాల్సినవాణ్ని నేనిక్కడ ఉన్నాను.

నీ ఉత్తరంలో కుట్టు సంగతి చదివాక షెడ్డులో ఉండలేకపోయాను. ఒక మాట చెబుతాను, నువ్వు నా మొహాన ఉమ్మేసినా సరే. మేం కూడా మొత్తం అతుకు గీకెయ్యం. ఎవరు గీకుతారు? బుడగ ఎక్కడుందో అంత మేరకే గీకి, అక్కడే మళ్లీ నింపుతాం. పదే పదే వేడి చేస్తే ఇనుము పెళుసెక్కిపోతుంది, అది మా పనిలో కొత్త కుర్రాడికి కూడా తెలుసు. నీకు గొప్పగా ఉంటుందని, నా మాట బరువుగా వినిపిస్తుందని అలా రాశాను. దూరంగా ఉన్న తండ్రిని కదా, ఏదో ఒకటి గట్టిగా చెబితేనే తండ్రిననిపించింది. నా బిడ్డ మీద నేను వంతెన ఇనుము మీద కూడా చెయ్యని పని చేయించాను.

పని మానేస్తున్నానని చెప్పేశాను. నా బదులు మనిషి దిగగానే బయల్దేరతాను. ఇల్లు ఎలా గడుస్తుందని నువ్వు అడగకు, నేనూ ఇప్పుడు ఆలోచించను.

ఈలోగా దాని చేత నాకు ఒక్క ముక్క రాయించు. ఏదైనా సరే. తప్పులున్నా, కొట్టివేతలున్నా, నాన్న అలాంటిదే కావాలన్నాడని చెప్పు. దాని చేతిరాత చూసి చాలా రోజులైంది.

*

ఇంటి నుంచి

మీకు,

డాక్టరమ్మ చెప్పింది, మనం దాని ముందు తప్పులు చేసి, దిద్దకుండా వదిలేసి చూపించాలట. తప్పు పడ్డా బతుకు నడుస్తుందని అది కళ్లారా చూడాలట. సరే అని నా జాకెట్టు చెయ్యి కావాలనే వంకరగా కుట్టి తొడుక్కున్నాను. అది రోజంతా ఆ చెయ్యి వైపే చూసింది. నేను స్నానానికి వెళ్లొచ్చేసరికి జాకెట్టు మొత్తం విప్పేసింది. చేతులు, మెడ, పక్కలు, అన్నీ. ఏ ముక్కకి ఆ ముక్క మడతపెట్టి నా మిషను మీద పెట్టింది. "ఇప్పుడు సరిగ్గా కుట్టమ్మా" అంది. చాలా రోజుల తర్వాత అది చివరిదాకా చెప్పిన మాట అదొక్కటే. సంతోషించాలో ఏడవాలో తెలీక ఆ ముక్కలు పట్టుకుని కూర్చున్నాను.

మీ మాట చెప్పాను. నాన్నకి రాస్తావా అంటే దాని కళ్లు వెలిగాయి, మీ మీద ఒట్టు. వెంటనే కూర్చుంది. పొద్దున కూర్చున్నది ఇంకా లేవలేదు. కాగితం తీస్తుంది, "నాన్నా, నేను" అని రాస్తుంది, ఆగుతుంది, కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీస్తుంది. ఎక్కడ తప్పిందే తల్లీ, బాగానే ఉంది కదే అంటే తల అడ్డంగా ఊపుతుంది. ఆ కాగితాలన్నీ దీంతో పంపిస్తున్నాను. ప్రతిదీ అంతవరకే ఉంది. ఒక్కటీ పారెయ్యబుద్ధి కాలేదు.

మీరు వచ్చే రోజు గురించి ముందే చెప్పాలి, లేకపోతే తట్టుకోలేరు. మీరు కనపడగానే గుమ్మంలోంచి పరిగెత్తుకొస్తుంది. స్కూలు దగ్గర నన్ను చూసినా అలాగే పరిగెత్తుకొస్తుంది. సగం దూరంలో ఆగిపోతుంది. వెనక్కి తిరిగి మళ్లీ గుమ్మంలోకి పోతుంది. అప్పుడు మీరు ఎదురెళ్లకండి. ప్రాణం ఉగ్గబట్టుకోవాల్సిందే. నేనొకసారి ఉండబట్టలేక వెళ్లి ఎత్తుకుంటే కొయ్యబారిపోయి, దించేదాకా గింజుకుని, మళ్లీ మొదటినుంచి నడవడానికి వెనక్కి పోయింది. మనం వెళ్లి తెచ్చుకున్నది దాని లెక్కలో చేరినట్టు కాదు.

పేరు పెట్టి పిలవకండి, చేతులు చాపకండి. గేటు దగ్గరే నిలబడి ఉండండి. మీ దాకా వచ్చేదాకా అలాగే ఉండండి.